హైదరాబాద్ ఆఫీసు అమ్మిన ఏడు

నేను దాదాపు పదిహేనేళ్లు ఒకే కంపెనీలో పనిచేశాను. ఆ కంపెనీ పేరు చెబితే ఇప్పుడు సూర్యాపేటలో కూడా చాలామందికి గుర్తుకు రాదు. మొదట అది మిర్యాలగూడ నుంచి వచ్చే ఒక వారపత్రిక. తర్వాత సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లలో కేబుల్ టీవీ అయింది. ఆ తర్వాత కొన్నేళ్లు హైదరాబాద్‌లో పెద్ద రోడ్డు పక్కన మూడంతస్తుల సొంత భవనం ఉన్న టీవీ నెట్‌వర్క్‌గా ఉండి, చివరికి మళ్లీ మూడు ఊళ్ల కేబుల్‌గా మిగిలింది. ఇన్ని మార్పుల్లోనూ నా పని మాత్రం పెద్దగా మారలేదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, ఉత్తరాలు టైపు చేయడం, తాళాలు నా దగ్గర పెట్టుకోవడం.

మా నాన్న సూర్యాపేటలో క్రైస్తవ మిషన్ బడిలో టీచరు. ఇంటర్ అయ్యాక నన్ను టైపు నేర్చుకొమ్మని పంపాడు. లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాను. ఎనభైల మధ్యలో ఆ వారపత్రిక సూర్యాపేటలో బ్రాంచి ఆఫీసు తెరిచింది. ట్రాక్టర్ల స్పేర్‌పార్ట్స్ దుకాణం మీద ఒక గది. కింద సుత్తె దెబ్బలు, పైన నా టైపు మిషను. ఆ మిషను మీద నేను కొట్టినవి ఎక్కువగా ప్రకటనల కోసం రాసే ఉత్తరాలు, జవాబు రానివాళ్లకు మళ్లీ రాసే ఉత్తరాలు.

కంపెనీ యజమానిది మిర్యాలగూడ. రైస్‌మిల్లు ఉండేది. అప్పటికే యాభై దాటినవాడు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, జేబులో ఎప్పుడూ రెండు మూడు రకాల వడ్లు. మేమంతా సార్ అనేవాళ్లం. తనకన్నా చిన్నవాళ్లు ఆడవాళ్లయితే ఆయన బిడ్డా అనేవాడు. మాట మెల్లగా ఉండేది, పని మాత్రం ఆగేది కాదు. మిల్లులో ఉన్నవాడికి పత్రిక ఎందుకని ఎవరో అడిగితే, వడ్లు ఎవరైనా ఆడిస్తారు, ఊరి సంగతి చెప్పేవాడు లేడు అన్నాడట. ఈ మాట నాతో అన్నది కాదు, విన్నది.

ఎనభైల చివర ఊళ్లలో కేబుల్ వచ్చింది. మొదట వీడియో క్యాసెట్ పెట్టి రోజుకు రెండు సినిమాలు వేసేవాళ్లు. తర్వాత డిష్‌లు వచ్చాయి. ఆయన మూడు ఊళ్లలోనూ వైర్లు లాగించాడు. ఆ తర్వాత ఒక కొత్త పని మొదలుపెట్టాడు. సాయంత్రం సినిమాకు ముందు పావుగంట సేపు ఊరి వార్తలు. సర్కారు టీవీలో ఎప్పుడూ కనిపించని మనుషులు, ఎప్పుడూ వినిపించని ఊళ్లు అందులో వచ్చేవి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారా లేదా, పాలకీడు వైపు ఎవరి పొలం ఎండింది, మున్సిపాలిటీ వాళ్లు ఏ వీధిలో మోరీ తీశారు, ఏ బడిలో ఆటల పోటీలు పెట్టారు. సూర్యాపేటలో హోటళ్ల ముందు జనం నిలబడి చూసేవాళ్లు. తామే కనిపిస్తే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మరుసటి రోజు మళ్లీ వచ్చి, అది ఇంకోసారి వేస్తారా అని అడిగేవాళ్లు.

ఆ వార్తలకు కెమెరా పట్టింది ఒకే మనిషి. మిర్యాలగూడ అతను. వాళ్ల నాన్న మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీ. అతను కూడా రెండు సీజన్లు బస్తాలు మోసి, తర్వాత పెళ్లి వీడియోలు తీసేవాడి వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. భుజం మీద తువ్వాల మడిచి వేసి, దాని మీద కెమెరా పెట్టుకునేవాడు. బస్తా మోసేటప్పుడు అలవాటైన పద్ధతి అది. నాకంటే నాలుగేళ్లు చిన్న. మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అన్నాడు.

ఒక ఏడు మిల్లుల దగ్గర హమాలీలు రేటు పెంచాలని పని ఆపేసి కూర్చున్నారు. అందులో మా యజమాని మిల్లు కూడా ఉంది. కెమెరా అతను వెళ్లి తీసుకొచ్చిన క్యాసెట్‌లో ముందు వరసలో వాళ్ల నాన్నే కూర్చుని ఉన్నాడు. ఇది వేయాలా వద్దా అని మేమెవరం నిర్ణయించలేక సార్‌ను పిలిచాం. ఆయన వచ్చి క్యాసెట్ మొదటి నుంచి చివరి దాకా చూశాడు. మీ నాయన బక్కగైండు అన్నాడు. తర్వాత, వేయండి, వేయకపోతే రేపటి సంది మనం చెప్పేది ఎవ్వలు నమ్మరు అని లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మూడు ఊళ్లలోనూ అది వచ్చింది. ఆ తర్వాత కెమెరా అతను సార్ మీద ఇంకొకరి మాట పడనిచ్చేవాడు కాదు.

తొంభైల మధ్యలో సార్ హైదరాబాద్‌లో భవనం కొన్నాడు. అంతకుముందు అందులో లాడ్జి నడిచేదట. గదుల నంబర్లు తలుపుల మీద అలాగే ఉండేవి. మూడో అంతస్తులో గోడలు తీయించి స్టూడియో చేయించాడు. గోడలకు కొబ్బరి పీచు మందంగా వేసి, పైన గుడ్డ కొట్టించాడు. లోపలికి వెళ్లి తలుపు వేస్తే బయట రోడ్డు ఉన్నట్టే తెలిసేది కాదు. కార్యక్రమాలు అక్కడ తయారు చేసి, మూడు ఊళ్లకే కాక మెల్లగా మిగతా జిల్లాల కేబుల్ వాళ్లకూ ఇవ్వాలని ఆయన ఆలోచన. క్యాసెట్లు బస్సులో పంపేవాళ్లం. విజయవాడ బస్సు డ్రైవరుకు కట్ట ఇస్తే సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి దించేవాడు. మిర్యాలగూడకు వేరే బస్సు. పొద్దున ఇచ్చిన క్యాసెట్ సాయంత్రానికి ఊళ్లో తెర మీద ఉండేది.

అక్కడికి పదిమందిమి వెళ్లాం. నన్ను ఆఫీసు ఇన్‌చార్జిని చేశారు. భవనం తాళాలు, కాగితాలు, వచ్చిపోయేవాళ్లు అన్నీ నా బాధ్యత. నాకు అప్పటికి పెళ్లి కాలేదు, తర్వాతా చేసుకోలేదు. లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. కెమెరా అతను మాత్రం భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ మిర్యాలగూడలోనే ఉంచి, తను ఆఫీసులోనే ఒక గదిలో పడుకునేవాడు. పదిహేను రోజులకోసారి ఊరికి పోయి వచ్చేవాడు.

రెండేళ్లు అలా నడిచింది. ఆలోపు డిష్‌ల మీద రోజంతా వచ్చే కొత్త చానళ్లు వచ్చాయి. పెద్దవాళ్లు పెట్టినవి. వాటి ముందు మా క్యాసెట్ ఒక పూట ఆలస్యంగా వచ్చిన ఉత్తరంలాగా ఉండేది. మిగతా జిల్లాల కేబుల్ వాళ్లు ఒక్కొక్కరే వద్దన్నారు. అదే సమయంలో మా భవనం ఉన్న రోడ్డు మీద స్థలాల ధర ఎవరూ అనుకోనంత పెరిగింది. ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. పక్క భవనం కూలగొట్టి అద్దాల షోరూం కట్టడం మా కిటికీలోంచే చూశాం.

ఆ ఏడు ఉగాది అయిన వారానికి సార్ నన్ను మిర్యాలగూడకు రమ్మన్నాడు. మిల్లు ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. బయట కళ్లంలో ఉడికిన వడ్లు ఆరబోస్తున్నారు. ఆ వాసన గదిలోకి వస్తున్నది. ఆయన చేతిలో కొన్ని బియ్యం గింజలు పెట్టుకుని నూక ఎంతుందో చూస్తూ మాట్లాడాడు.

"హైదరాబాద్ ఆఫీసు అమ్ముతున్న బిడ్డా" అన్నాడు. "ఈ మాట నీ కాడ, నా కాడ్నే ఉండాలె. అగ్రిమెంటు అయ్యెదాంక ఎవ్వలికి తెల్వొద్దు."

మరి అక్కడున్నవాళ్ల సంగతేమిటని అడిగాను. వైర్లు అమ్మడం లేదనీ, మూడు ఊళ్లలో కేబుల్ నడుస్తుందనీ, అందరికీ అక్కడ పని ఉంటుందనీ చెప్పాడు. ముందే తెలిస్తే మనుషులు చెదిరిపోతారు, ఆఫీసు మూతపడిందని కొనేవాడికి తెలిస్తే ధర తగ్గిస్తాడు అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

"ఎవ్వల్ని రోడ్డు మీద పడెయ్య. గా మాట ఇస్తున్న" అన్నాడు.

సరే సార్ అన్నాను. ఆ మాట చెప్పడానికి నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. పన్నెండేళ్లుగా ఆయన చెప్పింది చేస్తున్నాను. ఇంతమందిలో నన్నే పిలిచి చెప్పాడన్న సంతోషం కూడా ఉంది. ఆ సంతోషం ఉన్నమాట ఇప్పుడు దాచిపెట్టడం ఎందుకు.

వేసవి అంతా భవనం చూడడానికి మనుషులు వచ్చారు. వాళ్లు ఎవరని ఆఫీసులో అడిగితే ఒకసారి ఇన్సూరెన్స్ వాళ్లని, ఒకసారి లిఫ్టు పెట్టేవాళ్లని చెప్పాను. మొదటిసారి చేతిలో తాళాలు చూస్తూ చెప్పాను. మూడోసారికి అలవాటైంది. వచ్చినవాళ్లు ఎవరూ మేము ఏం పని చేస్తామో అడగలేదు. రోడ్డు వైపు భవనం ఎన్ని అడుగులుందో అడుగులో అడుగు వేసుకుంటూ కొలిచేవాళ్లు. బోరులో నీళ్లున్నాయా, వెనక సందు ఎవరిది అని అడిగేవాళ్లు. ఒకాయన అక్కడ చీరల దుకాణం పెడదామని వచ్చాడు. స్టూడియోలో నిలబడి చప్పట్లు కొట్టి చూశాడు. చప్పుడు గోడల్లోనే పోయింది. ఇదంతా పీకెయ్యాలె అని తన వెంట వచ్చిన మనిషితో అన్నాడు. చివరికి కొన్నది ఆయనే.

ఆ రోజు స్టూడియో మూలలో కెమెరా అతను లైట్ల వైర్లు చుడుతున్నాడు. వచ్చినవాళ్లు తన పక్కనుంచి పోతుంటే జరిగి దారి ఇచ్చాడు. వాళ్లు వెళ్లాక, లిఫ్టు పెడితే కెమెరా పైకి మోసుడు తప్పుతది అన్నాడు నాతో. అవును అన్నాను.

మే నెల చివర ఒక మధ్యాహ్నం అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. రెండు గదుల పోర్షన్ చూశానని, భార్యాపిల్లలను తీసుకొస్తున్నానని చెప్పాడు. పెద్ద అమ్మాయి ఆరో తరగతికి వచ్చింది. ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చాలని అతని పట్టుదల.

"బడిల ఒక కాయితం అడుగుతున్నరక్కా. నేను గీ ఆఫీసుల పర్మినెంటుగ పనిచేస్తున్ననని కంపెనీ లెటర్ మీద రాసియ్యాలంట."

నేను ఇప్పుడే ఎందుకు అన్నాను.

"ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడక్కా? బడులు మొదలైతున్నయి. పిల్లలను సూడక పదిహేను రోజులకోసారి పోయి వచ్చుడు నాతోని ఐతలేదు."

అతన్ని సాయంత్రం రమ్మని, మిర్యాలగూడకు ఫోన్ చేశాను. సార్ విన్నాడు. ఇంకో పదిహేను రోజులల్ల అగ్రిమెంటు అయితది, అప్పటిదాంక ఎట్లనన్న ఆపు అన్నాడు. ఎలా ఆపాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం నాలుగు గంటలకు కంపెనీ లెటర్‌హెడ్ మిషన్‌లో పెట్టి ఇంగ్లీషులో నాలుగు లైన్లు టైపు చేశాను. ఇతను మా సంస్థలో స్థిర ఉద్యోగి, పై చిరునామాలో ఉన్న మా ప్రధాన కార్యాలయంలో పనిచేస్తున్నాడు, ఇతని నడవడిక మంచిది. ఒక్క తప్పు కూడా పడలేదు. కింద సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాను. అతను ఆ కాగితాన్ని మడవకుండా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. మడత పడితే బడిలో ఏమనుకుంటారో అని.

ఆ కాగితం ఇవ్వనంటే ఎందుకని అడిగేవాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు కాబట్టి కాగితం ఇచ్చాను. చాలా రోజులు నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను.

జూన్‌లో వాళ్లు వచ్చారు. మిర్యాలగూడ నుంచి బియ్యం తెచ్చే లారీలో బస్తాల మీద సామాను వేసుకుని, డ్రైవరు పక్కన తల్లీ ఇద్దరు పిల్లలూ కూర్చుని వచ్చారు. మరుసటి ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. నేను వెళ్లాను. అతని భార్య ఏడో తరగతి దాకా చదివి, పెళ్లయ్యాక మిర్యాలగూడ దాటి ఎటూ వెళ్లని మనిషి. వచ్చిన వారంలోనే బస్సు నంబర్లు తెలుసుకుంది. కూరగాయలు ఏ బజారులో చవకో చెప్పింది. పెద్దమ్మాయి కొత్త యూనిఫాం వేసుకుని చూపించింది. నేను తిన్నాను, బాగుందన్నాను, వచ్చేశాను. ఆ రోజు చెప్పినా వాళ్లకు ఒరిగేది ఏమీ లేదు. అప్పటికే అన్నీ అయిపోయాయి.

పదిహేను రోజులన్న అగ్రిమెంటు జులై చివరికి అయింది. సార్ స్వయంగా వచ్చి అందరినీ స్టూడియోలో కూర్చోబెట్టి చెప్పాడు. భవనం అమ్మేశాను, ఆగస్టు ఆఖరుకు ఖాళీ చేయాలి, కేబుల్ నడుస్తుంది, ఎవరికి ఏ ఊరు కావాలో చెప్పండి అన్నాడు. ఎవరూ గొడవ చేయలేదు. ఎడిటింగ్ చేసేవాళ్లు ఇద్దరు తాము హైదరాబాద్‌లోనే వేరే పని చూసుకుంటామన్నారు. ఒకరిద్దరు నేల చూపులు చూశారు. కెమెరా అతను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎప్పటి సంది అనుకుంటున్నరు సార్?"

"ఉగాది సంది" అన్నాడు సార్. దాచాలని ఆయనకు తోచలేదు.

కెమెరా అతను తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూసినట్టు నాకు గుర్తు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు చూశాడు. వేసవిలో వచ్చిన మనుషులు, వాళ్ల వెనక తాళాలతో తిరిగిన నేను, ఆ కాగితం. తర్వాత మళ్లీ సార్ వైపు తిరిగి, ఏ ఊరైనా సరే అన్నాడు.

ఆగస్టు అంతా సామాను సర్దాం. క్యాసెట్లు వందల కొద్దీ ఉన్నాయి. ఊరు, నెల రాసి అట్టపెట్టెల్లో పెట్టాం. అతను ఎప్పటిలాగే పనిచేశాడు. ఏ పెట్టెలో ఏముందో నాకు చెప్పేవాడు. కాకపోతే ఇప్పుడు మేడం అనేవాడు. మేడం, ఇది కోదాడ పెట్టె. మేడం, ఈ సంతకం మీరు చేయాలె. పన్నెండు పెట్టెలు లారీ ఎక్కాక కొబ్బరి పీచు పీకేవాళ్లు వచ్చారు. వాళ్లు మూడో అంతస్తులో పని మొదలుపెడితే దుమ్ము మెట్ల మీదుగా కిందికి దిగింది. నేను తాళాలన్నీ ఒక దారానికి కట్టి చీరల దుకాణం ఆయన గుమస్తాకు ఇచ్చి, పుచ్చుకున్నట్టు సంతకం తీసుకున్నాను.

నేను సూర్యాపేటకు వచ్చేశాను. అతన్ని కోదాడ కంట్రోల్ రూంలో వేశారు. భార్యాపిల్లలు దసరా దాకా హైదరాబాద్‌లోనే ఉన్నారు. కట్టిన ఫీజు వృథా కాకూడదని అతను అక్కడా ఇక్కడా తిరుగుతూ రెండు నెలలు లాగాడు. తర్వాత వాళ్లు మిర్యాలగూడ వెళ్లిపోయారు. ఏడు మధ్యలో పెద్దమ్మాయిని చేర్చుకోవడానికి ఊళ్లో పాత బడి ఒప్పుకోలేదు. ఆ పిల్ల ఆ ఏడంతా ఇంట్లో ఉండి, మరుసటేడు మళ్లీ ఆరులో కూర్చుంది. ఈ సంగతి నాకు అతను చెప్పలేదు. కోదాడ ఆపరేటరు చెప్పాడు.

ఆ ఆపరేటరు పెద్దాయన. కోదాడకు అవతల, కృష్ణా జిల్లా సరిహద్దు ఊరివాడు. అందరినీ అండి అనేవాడు. ఒకసారి ఫోన్‌లో, "అతను మాట్లాడటమే తగ్గించేశాడండీ. మీరొకసారి వస్తే బాగుంటుంది" అన్నాడు. నేను ఎందుకు వస్తే బాగుంటుందో ఆయనకు తెలుసని నాకు అనిపించింది.

సంక్రాంతి అయ్యాక ఒక రోజు సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. గంట ప్రయాణం. దారి పొడవునా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్లాక అవేవీ చెప్పలేదు. అతను మేడ మీద డిష్ వైరు సరిచేస్తున్నాడు. నేనూ మేడ ఎక్కాను. కింద విజయవాడ రోడ్డు, లారీలు. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి నిలబడ్డాడు.

ఆ కాగితం టైపు చేసిననాడు నాకు అంతా తెలుసు అని చెప్పాను. తప్పు చేశాను అన్నాను.

"నాకెరుకనే" అన్నాడు. "సార్ ఉగాది సంది అన్ననాడే ఎరుకైంది."

చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. తర్వాత అతనే మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు.

"అమ్ముతున్నరని నువ్వు చెప్పకపోవుడు గురించి గాదు. సార్ వద్దన్నడు, నువ్వెట్ల చెప్తవ్. నేనైనా చెప్పకపోదును. గని ఆ దినం ఇప్పుడే ఎందుకు అన్నవ్, ఆడికే ఊకున్నవ్. ఈ ఏడు ఆగు తమ్మీ అంటే సాలు. ఎందుకని గూడ అడగకపోదును. నువ్వు చెప్పినవని ఆగేటోణ్ణి."

నాకు ఆ ఆలోచన అంతవరకు రాలేదు. చెప్పడం, చెప్పకపోవడం రెండే దారులున్నాయని అనుకున్నాను. మూడోది అంత చిన్నది, అంత దగ్గరలో ఉన్నది. రహస్యం అలాగే ఉండేది. సార్‌కు ఇచ్చిన మాట ఉండేది. ఒక పిల్లకు ఒక ఏడు మిగిలేది. నేను అతని మొహం చూడలేక రోడ్డు వైపు చూశాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతను నన్ను ఓదార్చవలసి వచ్చేది. అది అతని మీద ఇంకో బరువు.

అతను మళ్లీ వైరు పని చూసుకున్నాడు. ఆపరేటరు టీ తెప్పించాడు. ముగ్గురం తాగాం. కాలువ నీళ్ల గురించి, ఈ ఏడు రెండో పంటకు వదలరంటున్నారన్న మాట గురించి మాట్లాడుకున్నాం. మూడు గంటల బస్సుకు నేను వచ్చేశాను.

అతను ఇంకో రెండేళ్లు కోదాడలో పనిచేసి, మిర్యాలగూడలో సొంతంగా ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు. సార్ మాట తప్పలేదు. ఎవరినీ తీసేయలేదు. కేబుల్ నడిపాడు. కానీ ఆయనకు వార్తల మీద మనసు పోయింది. పావుగంట పది నిమిషాలైంది. తర్వాత వారానికి రెండు రోజులైంది, తర్వాత ఆగిపోయింది. తొంభైల చివర వైర్లను కూడా వేరే వాళ్లకు అప్పగించాడు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో చేరాను. సార్‌కూ నాకూ మధ్య మాటలు తెగిపోలేదు. ఆయన నాకు చేసిన మంచి చాలా ఉంది. ఆ ఏడు గురించి మాత్రం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయనకు అది జరిగిందన్న సంగతే గుర్తుండి ఉండదని నా అనుమానం. భవనం మంచి సమయంలో అమ్మానని మాత్రం ఒకటి రెండుసార్లు అన్నాడు. అది నిజమే.

కాలేజీలో చేరిన కొత్తలో పని మీద మిర్యాలగూడ వెళ్లినప్పుడు కెమెరా అతని ఇంటికి వెళ్లాను. అతను పెళ్లి వీడియో తీయడానికి పక్క ఊరు వెళ్లాడట. భార్య ఒక్కతే ఉంది. లోపలికి రమ్మని పీట వేసింది. ఆమె ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తున్నది. హైదరాబాద్‌లో ఉన్న ఆ నాలుగు నెలల్లో, ఇంటిపక్క ఆడవాళ్లు ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు చదువుతుంటే తనూ వాళ్లతో కూర్చున్నదట. ఆ పుస్తకాలు తెచ్చుకుని ఇక్కడికొచ్చాక పరీక్షకు ఫీజు కట్టి, రెండోసారికి పాసయ్యింది.

నేను ఊరట పడినట్టు ఆమె గమనించిందేమో తెలియదు.

"ఆడికి పోకుంటే పరీక్షకు కూసునేదాన్ని గాదు" అంది. "గట్లని అంత మంచికే అయిందని అంటలేను. పెద్దదానికి ఏడు పోయింది. గిది వేరే, గది వేరే."

అవును అన్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లి అన్నం వడ్డించి తెచ్చింది. పెద్దమ్మాయి బడి నుంచి వచ్చే వేళ అయింది, ఉండి చూసిపొమ్మంది. నేను ఉన్నాను. ఆ పిల్ల వచ్చి సంచీ దించి, నన్ను గుర్తుపట్టలేదు. తల్లి చెబితే నమస్తే అంది. ఎనిమిదో తరగతి. లెక్కలు బాగా వస్తాయట. అల్జీబ్రా గురించి రెండు మాటలు అడిగితే చక్కగా చెప్పింది. అయిదు గంటలకు నేను బస్టాండుకు బయలుదేరాను.